నవ్వు ముఖం నొక్కిన వేలు

గద్వాల,
ఆషాఢం, శుక్రవారం.

ప్రియమైన ఎస్తేరుకు, కౌసల్య రాస్తున్నాను.

ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడు కలం ఎందుకు పట్టిందని అనుకుంటావు. పోయిన ఆదివారం నీకు ఫోన్ చేశాను. నేను ‘బాగున్నవా’ అన్న ప్రతిసారీ నువ్వు అటు నుంచి ‘జర గట్టిగ మాట్లాడుండ్రి, ఎవరు మీరు?’ అని కేక వేశావు. చివరికి ‘ఎవరో ఉత్తగనే ఊపిరి ఇడుస్తున్నరు’ అని పెట్టేశావు. ఆ ఊపిరి నాదే తల్లీ.

నా గొంతు సంగతి నీకు కొత్తగా చెప్పాలా? బడిలో సారు హాజరు పిలిస్తే నా బదులు నువ్వే ‘ఉన్నది సార్’ అని అరిచేదానివి. జ్వరం వచ్చి నీ చెవులు మూసుకుపోయాయి, నా గొంతేమో పెరగలేదు. ఫోన్‌లో రాసి పంపుదామంటే, మా ఇంటి ఫోన్ మగ్గం పక్కన గూట్లో ఉంటుంది. అది మోగినప్పుడు ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు తీస్తారు. ఎవరికి వచ్చిన మాటైనా అందరూ చదువుతారు. మన మాటలు అలా చదివించడం నాకు ఇష్టం లేదు. అందుకని ఈ కాగితం.

అసలు సంగతి మా అమ్మాయి వర్షది. చెప్పకుండా ఉండలేను, చెబితే దిష్టి తగులుతుందని భయం. నీకు చెప్పుకోవచ్చు, నీకు దిష్టి మీద నమ్మకమే లేదు కదా.

వర్ష నాగర్‌కర్నూల్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో గది తీసుకుని, మనసు గురించిన పెద్ద చదువు చదువుతోంది. చదువు చివర ఒక పరిశోధన చేయాలట. ధ్యానం నేర్పే ఆప్ ఒకటి ఫోన్‌లో ఉంది. రోజూ పది నిమిషాలు అది చెప్పినట్టు కూర్చుంటే కాలేజీ వయసు పిల్లల మనసు నిజంగా కుదుటపడుతుందా, లేక ఊరికే అంటున్నారా అని తేల్చి చూస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీలకు బస్సుల్లో తానే తిరిగి పేర్లు రాసుకుంటోంది. చీటీలు వేసి సగం మందికి ఆప్ ఇప్పుడే ఇస్తుంది. మిగతా సగం రెండు నెలలు ఆగాలి. వారానికోసారి అందరి ఫోన్లకూ ప్రశ్నలు వస్తాయి. నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, మనసెట్లా ఉంది అని. జవాబు రాయనక్కరలేదు, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలుంటాయి, ఒకటి నొక్కితే చాలు. ఎవరైనా వరుసగా ఏడుపు ముఖాలు నొక్కితే వర్ష తానే వాళ్ల ఇంటికి వెళ్లి, మాట్లాడి, డాక్టరుకు చూపిస్తుంది. అది ముందే ఒప్పుకున్న మాట.

ఇదంతా ఇంట్లో చెబుతుంటే పక్కింటి సావిత్రమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతూ విన్నది. ‘దేవుని పేరు లేకుండ కండ్లు మూసుకుంటే దాన్ని నిద్ర అంటరు బిడ్డా. గందుకు గింత చదువా?’ అంది.

‘నిద్రకన్న మంచిదా కాదా, గదే చూస్తున్న సావిత్రత్తా’ అని నవ్వింది వర్ష.

మా ఆయన మగ్గం గుంతలోంచే, ‘కాదని తేలితే ఏం జేస్తవే?’ అన్నాడు.

‘కాదని రాస్త నాయినా.’

ఆ పూట మగ్గం చప్పుడు హుషారుగా వినబడింది.

నాకూ ఒకసారి ఆప్ వినిపించమన్నాను. ఒకామె మెల్లగా ‘మీ శ్వాసను గమనించండి’ అంటుంది. గమనిస్తుంటే గోవింద నామం దానంతటదే నోటికి వచ్చేసింది. ‘అమ్మా, నువ్వు దీనికి పనికిరావు’ అని వర్ష ఫోన్ లాక్కుంది.

మీ అబ్బాయి ప్రేమ్ కుమార్ చదివేది వనపర్తిలోనే కదా. వాడికి ఇష్టమైతే పేరు ఇమ్మను. నీ బలవంతం మీద మాత్రం వద్దు.

నీ
కౌసల్య

*

గోపాల్‌పేట,
ఆగస్టు మొదటి వారం.

ప్రియ స్నేహితురాలు కౌసల్యకు ప్రభువు నామంలో వందనాలు.

పోస్టుమన్ నీ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కోర్టు నోటీసేమో అన్నట్టు నా ముఖం వైపు జాలిగా చూశాడు. ఈ వీధిలో చేత్తో రాసిన ఉత్తరం వచ్చి చాలా ఏళ్లయింది. ఫోన్‌లో ఊపిరి విడిచేది నువ్వని తెలిస్తే పెట్టేసేదాన్ని కాదు. ఏమీ వినబడకపోయినా ఇంకాసేపు చెవి దగ్గర ఉంచుకునేదాన్ని.

నువ్వు రాయకముందే ప్రేమ్ పేరు ఇచ్చేశాడు. ‘వర్షక్క కాలేజీకొచ్చింది, పేరిచ్చిన’ అని నా చెవి దగ్గర గట్టిగా అన్నాడు. ఆ వారమంతా కలిపి వాడు ఇంట్లో ఆడిన మాటల్లో అదే పెద్దది.

ధ్యానమంటే నాకు మొదట సందేహమే. మా సంఘం అయ్యగారిని అడిగితే, నాకు వినబడదు కాబట్టి చీటీ మీద రాసిచ్చాడు: ‘అందులో ఏ పూజా లేకపోతే అభ్యంతరమేమిటి, ఊపిరి దేవుడిచ్చిందే కదమ్మా’ అని. నా మనసు నిమ్మళమైంది.

అయితే చీటీల్లో మావాడు ఆగే దిక్కున పడ్డాడు. ఇదేం న్యాయం కౌసల్యా? పంక్తిలో కూర్చోబెట్టి సగం విస్తళ్లలో వడ్డించి, మిగతావాళ్లను చూస్తూ ఉండమన్నట్టుంది. నేను నిన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. వర్షతో చెప్పి వాడిని ఇప్పుడే ఆప్ ఇచ్చే దిక్కుకు మార్పించు. ఒక్క పేరే కదా. ఎవరికి తెలుస్తుంది? నీ మాట నీ బిడ్డ తీసేయదు.

నువ్వేమీ పరేషాన్ కావద్దు, వాడు బాగానే ఉన్నాడు. కొంచెం మౌనం, అంతే. వాళ్ల నాయన పోలిక. దేవరాజు రోడ్డు పనుల మీద పుణె దిక్కు పోయాడు, దసరాకు గానీ రాడు. ఆయన వచ్చేసరికి పిల్లవాడు జర హుషారుగా కనబడితే నాకు చాలు.

నీ జవాబు కోసం ఎదురుచూసే
ఎస్తేరు

*

గద్వాల,
శ్రావణం, ఆఖరి శుక్రవారం మరునాడు.

ఎస్తేరూ,

జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తెలిసే ఆలస్యం చేశాను.

వరలక్ష్మి పూజకు వర్ష ఇంటికి వచ్చింది. ముత్తైదువులంతా రాకముందే వంటింట్లో దాని పక్కన కూర్చుని, ‘మీ ఎస్తేరు పెద్దమ్మ కొడుకు…’ అని మొదలుపెట్టానో లేదో, చేయి అడ్డం పెట్టింది.

‘అమ్మా, అందుల ఎవరున్నరు, ఎవరు ఏ దిక్కున్నరు, నేను నీకు చెప్ప. నువ్వు గూడ నాకు చెప్పకు.’

‘ఒక్క పేరే గద బిడ్డా. నేను నిన్ను ఏనాడన్న ఏమన్న అడిగిన్నా?’

‘నువ్వు అడిగినవని ఒకరిని మారుస్త. రేపు మా సార్ అడిగిండని ఇంకొకరిని మారుస్త. ఆఖరికి అడిగే అమ్మలున్నోళ్లంత ఒక దిక్కు, లేనోళ్లంత ఒక దిక్కు అయితరు. అప్పుడు వాళ్లు బాగైతే ఆప్‌తోని బాగైనట్టా, అమ్మతోని బాగైనట్టా? ఎట్ల చెప్పాలె నేను?’

నాకు కోపం వచ్చింది ఎస్తేరూ. నువ్వు నాకేమవుతావో దానికి తెలియదు. హాస్టల్లో నాకు కడుపునొప్పి వచ్చిన ఆ వానాకాలం, మూడు మైళ్లు బురదలో నడిచి మా నాయనను పిలుచుకొచ్చిన మనిషివి నువ్వు. ఆ కథంతా చెప్పాను. అది ఓపికగా విన్నది. ‘పెద్దమ్మ కోసం నేను వేరేది ఏదన్న చేస్త, ఇది మాత్రం చెయ్య’ అంది. పులిహోరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియకుండా అమ్మవారికి పెట్టాను. అమ్మవారు ఏమీ అనలేదు, మా ఆయన అన్నాడు.

సాయంత్రం బస్సెక్కే ముందు వర్ష నా చేయి పట్టుకుంది. ‘ఆగేటోళ్లను నేను ఇడిచిపెట్టలేదమ్మా. ఎవరేం నొక్కుతున్నరో ప్రతి వారం చూస్తనే ఉన్న. ఎవరికన్న బాగలేదంటే ఆప్ కోసం ఆగ, నేనే పోత.’

నీకు కాదని రాయడానికి నాకు చేయి ఆడటం లేదు. అయినా రాయాలి. కాదు ఎస్తేరూ. కోపం చల్లారాక నాకొకటి అనిపించింది, దాచడం ఎందుకు. నేను కన్న పిల్ల తప్పు పనికి నాకే లొంగలేదు. నీ దగ్గర గొప్ప చెప్పుకునే సమయం కాదు ఇది, మన్నించు.

ఒక్కటి మాత్రం నిజం రాయి. ప్రేమ్ బాగుంటే నువ్వు అంతలా ఎందుకు అడిగావు?

నీ
కౌసల్య

*

గోపాల్‌పేట.

కౌసల్యమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కాదన్నారు, మంచిది. పెద్ద చదువుల పద్ధతులు కూలి చేసుకునేవాళ్లకు ఏం తెలుస్తాయి. బురదలో నడిచిన సంగతి నేను మరిచిపోయాను, మీరు గుర్తు పెట్టుకున్నందుకు వందనాలు.

ప్రేమ్ బాగున్నాడా అని అడిగారు. మీ అమ్మాయి దగ్గర లెక్క ఉంది కదా, చూసుకోమనండి. వాడి ఫోన్ కాలువలో పడి పాడైనప్పటి నుంచి వాడి సిమ్ నా ఫోన్‌లోనే ఉంది, ఆ ప్రశ్నలూ నాకే వస్తున్నాయి. దేవరాజు ముఖం చూడటానికి కొనుక్కున్న ఫోన్ అది. ప్రశ్న రాగానే తీసుకెళ్లి వాడికి చూపిస్తాను. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరగడు. మీ అమ్మాయి పని ఆగకూడదని నేనే నొక్కుతున్నాను. ప్రతిసారీ అన్నిటికీ నవ్వే ముఖమే నొక్కాను. కన్న కొడుకు ఏడుపు ముఖాన్ని నా చేత్తో ఊరికి చూపించుకుంటానా? ఇంటి మాట ఇంట్లోనే ఉండాలి. రేపు పిల్లనిచ్చేవాళ్లు నాలుగు దిక్కులా విచారిస్తారు.

మీ అమ్మాయి పరీక్షలో నా కొడుకు అందరికన్నా సంతోషంగా ఉన్న పిల్లవాడై ఉంటాడు. ఆ మేరకు మాకూ గర్వమే.

ఎస్తేరు

*

గద్వాల,
భాద్రపదం, సోమవారం.

ఎస్తేరూ,

నన్ను ‘గారు’ అనకు. తిట్టు, ఫరవాలేదు.

నీ ఉత్తరం చదివి దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చున్నాను. నీ ఇంటి మాట దాచాలా, చెప్పాలా అని అడిగాను. ఎంతసేపు కూర్చున్నా నామం నోటికి రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్న పిల్లవాడే కళ్ల ముందు ఉన్నాడు. ఇంటి ఫోన్‌లో చెప్పే మాట కాదిది. మా ఆయనతో ‘బిడ్డను చూడబుద్ధి అవుతుంది, పోయొస్త’ అని చెప్పి, వనపర్తిలో బస్సు మారి నాగర్‌కర్నూల్ వెళ్లాను. నిన్ను అడగకుండానే వర్షకు చెప్పేశాను. నీ ఉత్తరం చూపించలేదు. నా నోటితోనే చెప్పాను, నాకున్న గొంతుతోనే.

అది అన్నం తింటోంది. చేయి కంచంలో ఆగిపోయింది. తన పరీక్ష పాడైందని అంటుందని అనుకున్నాను. ‘అన్నం తింటుండా అమ్మా వాడు?’ అంది.

నాకు తెలియదన్నాను.

‘నిద్ర?’

‘తెల్వదు బిడ్డా.’

‘వారం వారం ఆ నవ్వు ముఖాలు చూసి, ఈ పిల్లగాడు అందరికన్న బాగున్నడనుకున్న. గందుకే ఆ ఇంటి దిక్కు పోలే’ అని, లేచి చేయి కడుక్కుంది.

‘అయితే ఇప్పుడన్న ఆ ఆప్ ఇయ్యరాదా?’ అన్నాను. నాకు తోచింది అదే.

‘ఆప్‌తోని పొయ్యే బాధ కాదమ్మా ఇది. పది నిమిషాలు కండ్లు మూసుకొమ్మని నేను వాడికి చెప్పలేను. ఇది దవాఖాన పని.’

మర్నాడే నీ దగ్గరికి వస్తానంది. ఈ ఉత్తరం కన్నా ముందే అది నీ గుమ్మంలో నిలబడి ఉంటుంది. నీ మాట బయటపెట్టింది నేను, తిట్టేదేదైనా నన్ను తిట్టు. దాన్ని మాత్రం లోపలికి రానివ్వు.

కౌసల్య

*

గోపాల్‌పేట,
సెప్టెంబరు, ఆదివారం ఆరాధన తర్వాత.

కౌసల్యా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే తిట్టేశాను, అదీ నీ బిడ్డనే. నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా తిట్టానో నాకు తెలియదు. ఎదురింటి జానకమ్మ చేతిలో చాటతో సహా బయటికి వచ్చి ‘మెల్లగ, మెల్లగ’ అని సైగ చేసిందంటే గట్టిగానే అయి ఉంటుంది. వర్ష తలవంచుకుని అంతా విన్నది. అయిపోయిందా అన్నట్టు నా ముఖంలోకి చూసి, చెప్పులు విడిచి, నా పక్కనుంచి లోపలికి పోయింది.

ప్రేమ్ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి ఉన్నాడు. అది ఏం చేసిందో తెలుసా? మంచాన్ని ఇవతలికి కొంచెం జరిపి, మంచానికీ గోడకూ మధ్య సందులోకి దూరి, వాడి ముఖానికి ఎదురుగా కింద కూర్చుంది. వాడు అటు తిరిగితే అది ఉంటుంది, ఇటు తిరిగితే నేనుంటాను. కాసేపటికి వాడి భుజాలు కదిలాయి. నా ప్రాణం పోయిందనుకో. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికి పోతే నవ్వుతూ ఏడుస్తున్నాడు.

వర్ష వాడిని అడిగి, వాడు తలూపాక, వాడన్న మాటను నాకు కాగితం మీద రాసి చూపించింది. ‘ప్రశ్నలు నన్నడిగిన్రు అక్కా, జవాబులు మా అమ్మ చెప్పింది. అన్ని నవ్వు ముఖాలే. బాగున్నని నేనే నమ్మాలని చూసిన. కాలే.’

రెండు పేపర్లు తప్పాడట. వాళ్ల నాయన ఎండలో తారు పోస్తుంటే ఆ మాట ఎట్లా చెప్పాలని దాచాడట. దాచీ దాచీ నిద్ర పోయింది, ఆకలి పోయింది, లేవాలన్న మనసు పోయింది. ఒకే గదిలో ఉన్నాను కౌసల్యా. ముద్ద కలిపి పెట్టి, పెట్టింది పెట్టినట్టే తీసి, వాళ్ల నాయన పోలిక అని చెప్పుకున్నాను.

మరునాడు ముగ్గురం వనపర్తి పెద్ద దవాఖానకు పోయాం. డాక్టరు ఏదో అడిగాడు. వాడి కన్నా ముందు నా నోరు తెరుచుకుంది. వర్ష నా చేతి మీద చేయి వేసింది. మూసుకున్నాను. ప్రేమ్ చెప్పాడు, చాలాసేపు చెప్పాడు. డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. నాకొక్క ముక్క వినబడలేదు. ఏం చెప్పావురా అని ఇప్పటిదాకా అడగలేదు కూడా. మాత్రలు రాసిచ్చి, మళ్లీ మళ్లీ రమ్మన్నాడు. ఇది ఒకటి రెండు వారాల్లో పోయేది కాదని, పోతుందని మాత్రం అన్నాడని వర్ష రాసి చూపించింది.

బస్టాండులో వర్షను అడిగాను, ‘నీ పరీక్ష పాడుచేసిన్నా బిడ్డా?’ అని. కాదు పెద్దమ్మా అంటుందనుకున్నాను. కాగితం తీసుకుని రాసింది: ‘అవును పెద్దమ్మా, కొంచెం.’ అంతమంది జనంలో పగలబడి నవ్వాను. నా మనసు కోసమైనా ఒక అబద్ధం ఆడదు కదా ఇది! నువ్వు కాదన్నందుకు నీ మీద కోపం పెట్టుకున్నాను. అది ఆ రోజు సరేనని ఆప్ ఇచ్చి ఉంటే, పిల్లవాడి చేతిలో ఫోన్ పెట్టి, ఇక బాగైపోతాడని నేను నిశ్చింతగా కూర్చునేదాన్ని. దవాఖాన గడప తొక్కేదాన్ని కాదు.

గొంతు లేని నీ కడుపున ఇంత కచ్చితమైన పిల్ల ఎట్లా పుట్టింది? ప్రార్థనలో ప్రేమ్ పేరు తర్వాత దాని పేరే చెబుతున్నాను. దిష్టి తగలదులే.

నీ
ఎస్తేరు

*

గద్వాల,
కార్తీకం, మంగళవారం.

ప్రియమైన ఎస్తేరుకు,

నీ కార్డు అందింది. నాలుగు వాక్యాలే రాశావు, ఎన్నిసార్లు చదువుకున్నానో. ముందు నాగర్‌కర్నూల్ సంగతి చెబుతాను, ఆ తర్వాత దాని దగ్గరికి వస్తాను.

వర్ష తన పరిశోధనను పెద్దల ముందు చదివే రోజు మమ్మల్నీ రమ్మంది. మా ఆయన మగ్గం ఆపి, పెళ్లికి కట్టే పంచె కట్టుకుని బయలుదేరాడు. ఇద్దరం వెనక బెంచీలో కూర్చున్నాం. దాని గదిలో ఉండే శిల్ప నా పక్కన కూర్చుని చెవిలో ఒక మాట చెప్పింది. ‘అమ్మా, మా సార్ నిన్న ఏమన్నడో తెలుసా? పిల్లల బదులు అమ్మలు నొక్కిన సంగతి రాసిన పేజీ తీసెయ్, ఎవరికి తెలుస్తది, లెక్కలు మంచిగ కనిపిస్తయన్నడు. వర్ష తియ్యలే.’ ఆ పేజీ వల్ల చదువు పోతుందేమోనని నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

మీ ఇంటి నుంచి వెళ్లాక వర్ష ఊరికే ఉండలేదు. పేరిచ్చిన పిల్లలందరినీ మళ్లీ కలిసి, ప్రశ్నలు ఎవరి ఫోన్‌కు వచ్చాయి, ఎవరు నొక్కారు అని ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. నువ్వొక్కదానివే అనుకోకు. మా సావిత్రమ్మ కూడా కూతురి బదులు నొక్కిందట. ‘పిల్ల కండెలు చుడుతుండె, పని చెడగొట్టుడెందుకని నేనే నొక్కిన. గిది గూడ తప్పేనా?’ అని మా మీదికే వచ్చింది. ఒక ఇంట్లో మేనమామ, ఒక ఇంట్లో వదిన. అందరూ నవ్వు ముఖాలే నొక్కారు. ఏ ఇంట్లోనూ చెడు చేద్దామని ఎవరూ అనుకోలేదు.

వర్ష లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిల్లలే స్వయంగా నొక్కారని తేలిన జవాబులు మాత్రమే లెక్కకు తీసుకున్నానంది. ఆప్ వాడిన పిల్లలకు నిద్ర కొంచెం మెరుగైంది. మనసు సంగతిలో మాత్రం ఆప్ వాడినవాళ్లకూ ఆగినవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. చాలామంది మొదటి నెల తర్వాత కూర్చోవడమే మానేశారు. ‘కాబట్టి దీనివల్ల మేలు జరుగుతుందని నేను గట్టిగా చెప్పలేను, జరగదనీ చెప్పలేను’ అంది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. మా ఆయన మీసం మీద చేయి వేసుకుని ఆ నవ్విన మనిషినే చూస్తూ కూర్చున్నాడు.

బయటి నుంచి వచ్చిన ఒక మేడం కళ్లద్దాలు తీసి అడిగింది. ‘ఇళ్లల్లో ఇలా జరుగుతుందని నువ్వు ముందే ఎందుకు ఊహించలేదు?’

వర్ష ఆమె వైపు తిరిగి చెప్పింది. ‘మా ఇంట్లో కూడా ఫోన్ అందరిదీ మేడం. నాకు వచ్చిన ఫోన్‌కు మా అమ్మ జవాబిస్తుంది, మా అమ్మకు వచ్చిన దానికి మా నాన్న ఇస్తాడు. పుట్టినప్పటి నుంచీ అలాగే చూశాను. అందుకే నాకు కనబడలేదు. ఈ పరిశోధనలో తప్పు ఆ అమ్మలది కాదు, అడిగిన పద్ధతిది. ఆ పద్ధతి నాది.’

మేడం తల వంచి రాసుకుంది. తర్వాత ‘ఈ పేజీ వెనక ఎందుకు పెట్టావమ్మా? ముందుకు తీసుకురా. మళ్లీ చెయ్యి, ఈసారి ఎదురుగా కూర్చుని అడుగు’ అంది. అందరిలో ఎక్కువ మార్కులు వేరే అబ్బాయికి వచ్చాయి. వర్షకు ఇంకో ఏడాది పని వచ్చింది.

బయటికి వచ్చాక మా ఆయన చెట్టు కింద నిలబడి, ‘ఇంతకూ మన పిల్ల గెలిచిందా, ఓడిందా? నాకు సమజ్ కాలే’ అన్నాడు.

‘నాకు గూడ తెల్వదు. తలెత్తుకొని మాత్రం దిగింది’ అన్నాను.

‘గట్లయితే జిలేబీ కొందాం పా’ అన్నాడు.

జనం మధ్యలోంచి వర్ష మా దగ్గరికి వచ్చింది. దాని చున్నీ భుజం మీద సరిచేశాను. గుడిలో కూడా నేను అంత నిండుగా ఎప్పుడూ నిలబడలేదు ఎస్తేరూ. ఈ మాట దానితో అనలేదు, అనను కూడా. నీకొక్కదానికే రాస్తున్నాను.

ఇక నీ కార్డు. దేవరాజన్న దసరాకు వస్తే ప్రేమ్ తానే పేపర్లు తప్పిన సంగతి చెప్పాడని, ఆయన వాడి నెత్తి మీద చేయి పెట్టి ‘మళ్ల రాయి, గంతే గద’ అన్నాడని రాశావు. ఆగినవాళ్ల వంతు వచ్చి ప్రేమ్‌కూ ఆప్ వచ్చిందని, రెండు రోజులు విని, ఆమె గొంతు బస్టాండులో మైకు లెక్కుందని మానేశాడని రాశావు. చదివి నవ్వుకున్నాను. మానితే మాననీ, మాత్రలు మానకుండా చూడు. ఆఖరి ప్రశ్నలు వచ్చినప్పుడు ఫోన్ వాడి చేతికిచ్చి, నువ్వు వాకిట్లోకి పోయి బియ్యం చెరుగుతూ కూర్చున్నావట. ఏ ముఖం నొక్కాడో చూడలేదని, అడగలేదని రాశావు. నా బిడ్డ గురించి ఇన్ని పేజీలు గొప్పగా రాశాను కానీ, ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు నీ మీద కలిగిన గర్వం అంతకు తక్కువేమీ కాదు. తల్లి చేయి ఊరికే ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒక్క మాట అడుగుతాను. ఈ కాగితాలు చించకు, పొయ్యిలో వేయకు, నీ బైబిలు పెట్టుకునే పెట్టెలో అడుగున ఉంచు. నీవి నా దగ్గర పూజ గూట్లో పసుపు గుడ్డ కింద ఉన్నాయి. కానీ ఎవరికీ చూపకు. దేవరాజన్నకు వద్దు, మా వర్షకు వద్దు. ప్రేమ్‌కైతే వాడు ఎంత పెద్దవాడైనా వద్దు. ఆ గోడవైపు తిరిగి పడుకున్న రోజులు ఎట్లా ఉన్నాయో ఎప్పుడో ఒకనాడు వాడే ఎవరికో చెప్పుకుంటాడు. అవి వాడు చెప్పవలసిన మాటలు. మన చేతిరాతలో చదువుకోవలసినవి కావు.

నీ
కౌసల్య